కుక్క కంట్లో చేవ

మా పిన్ని మొన్న వచ్చినప్పుడు, వీధిలోంచి తెచ్చుకున్న మా నల్లోడిని చూసి "పళ్ళు చూస్తే వయసు తెలిసిపోతుందిగా రా" అంది. పిల్లకుక్కైతే నిజమే. 28 పాలపళ్ళు, అవి మూడు నాలుగు నెలలప్పుడు ఊడటం మొదలై ఏడు నెలలకల్లా 42 పళ్ళు వచ్చేస్తాయి. ఆ తర్వాత పళ్ళు చెప్పేది వయసు కాదు, అది ఏం కొరికి బతికిందో చెప్తాయి. నల్లోడు బొమికలూ రాళ్ళూ కొరికి ముందుపళ్ళు అరగదీసుకున్నాడు, అవి చూసి ఒక డాక్టర్ గారు పదేళ్ళు అనేశారు!

కంట్లో ఇంకో సాక్ష్యం ఉంది, నాకు అదంటే పిచ్చి ఇష్టం. కంటి లెన్స్ బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటుంది, పైన కొత్త పోగులు చేరుతుంటాయి, పాతవి చర్మం మీది పొట్టులా రాలిపోవడానికి దారి లేదు ఎందుకంటే చుట్టూ సంచిలాంటి పొర మూసేసి ఉంటుంది, దాంతో పాతవన్నీ మధ్యలోకి నొక్కుకుపోతాయి. టేకు దుంగ కోస్తే నడిమధ్య ముదురు రంగు చేవ, చుట్టూ లేత చెక్క కనిపిస్తుంది కదా, అచ్చం అదే. ఆ చేవలో అన్నిటికన్నా లోపలి పోగులు కుక్క ఇంకా తల్లి కడుపులో ఉన్నప్పటివి! అది బిగుసుకునే కొద్దీ వెలుతురు కాస్త చెదురుతుంది, అందుకే ఆరేడేళ్ళు దాటిన కుక్కల కనుపాప వెనక నీలిబూడిద మసక కనిపిస్తుంది. న్యూక్లియర్ స్క్లీరోసిస్ అంటారు. చెట్టు వలయాల్లా లెక్కపెట్టడం మాత్రం కుదరదు.

చాలామంది దీన్ని శుక్లం అనుకుని కంట్లో తేనె చుక్కలు వేస్తారు, దయచేసి వద్దు. చీకట్లో టార్చ్ వేసి చూడండి, మసక ఉన్నా వెనకున్న అద్దంలాంటి పొర నుంచి మెరుపు తిరిగొస్తే అది చేవే, దానికి చూపు పెద్దగా తగ్గదు. తెల్లగా అడ్డుపడి మెరుపు రాకపోతే శుక్లం కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి.

ఇక కుక్క వయసుని ఏడుతో గుణిస్తే మన వయసు లెక్క వస్తుందనేది కూడా మూఢనమ్మకమే, పిల్లలకి లెక్కల్లో అదే చెప్తుంటే బాధేస్తుంది. 2020లో శాన్ డియాగో శాస్త్రవేత్తలు 104 లాబ్రడార్ల డీఎన్‌ఏ మీద వయసుతో పాటు మారే మిథైల్ అనే రసాయన గుర్తులు చూసి వేసిన లెక్కలో ఏడాది కుక్క మన 31 ఏళ్ళకి సమానం, నాలుగేళ్ళది 53కి, అంటే మొదట్లో పరుగు, తర్వాత నడక.

నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు నల్లోడి కంట్లో టార్చ్ వేశా. మసక లేదు, పచ్చగా నిగనిగ. టీకాల కార్డు మీద పదేళ్ళు కొట్టేసి పెన్సిల్‌తో "ఆరేడు లోపు" అని రాశా.