మింగలేని శత్రువు ఎదురైతే

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దమ్మ ఆశీస్సులు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని మింగేస్తాయని చదివి, "అయితే కడుపులో ఉన్న ఏలికపామును కూడా మింగేస్తాయా?" అని అడిగారు కదా. మీరు సరదాకి అడిగారేమో గానీ, ఈ ప్రశ్న వెనకాల శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి తిరిగారు.

ముందు లెక్క చూడండి. ఏలికపాము 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. తెల్ల రక్తకణం అడ్డం సుమారు 10 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. 30 వేల కణాలు బారులు తీరితే గానీ దాని తల నుంచి తోక దాకా రావు. ఇక మింగేదెక్కడ? మలేరియా పరాన్నజీవి సంగతి పూర్తిగా వేరు. అది ఎర్ర రక్తకణంలోకి దూరి కూర్చునేంత చిన్నది. రెండూ పరాన్నజీవులే, కానీ ఒకదాని మీద పనికొచ్చే ఎత్తు రెండోదాని మీద పారదు. వచ్చిందెవరో పోల్చుకుని ఏ ఎత్తు వేయాలో చెప్పేవి టి కణాలు, ఇవీ తెల్ల రక్తకణాల్లో ఒక రకమే. "ఇమ్యూనిటీ పెంచుకోండి" అంటూ ప్రకటనలు ఊదరగొడుతుంటే నాకు చిరాకు వేసేది ఇందుకే. ఎంత పెంచామన్నది కాదు, ఏ రకం పెరిగిందన్నదే ఇక్కడ అసలు సంగతి.

టి కణాలు ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో తయారవుతాయి. ఆ గ్రంథి ఎందుకూ పనికిరాదని చాలాకాలం అనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూస్తే, అవి జబ్బుల్ని తట్టుకోలేకపోయాయి. మీ వయసులో థైమస్ మంచి పుష్టిగా ఉంటుంది. నాది ఈపాటికి చాలావరకు కొవ్వుగా మారిపోయి ఉంటుంది.

టి కణం పరాన్నజీవిని నేరుగా పోల్చుకోలేదు. డెండ్రైటిక్ కణాలని ఉంటాయి. అవి చర్మంలోనో పేగులోనో పరాన్నజీవి తాలూకు ముక్కల్ని పట్టుకుని, దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్ళి, తమ ఒంటి మీద పెట్టి చూపిస్తాయి. ఒక్కో టి కణం ఒక్కో రకం ముక్కనే గుర్తుపడుతుంది. లక్షల కణాలు వచ్చి చూసి పోతుంటే, ఎక్కడో ఒకదానికి అది సరిపోతుంది. ఇక అది రెండై, నాలుగై, వారం తిరిగేసరికి వేలకు వేలవుతుంది. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటాం చూడండి, ఆ బిళ్ళలో జరిగేది ఇదే.

ముక్కతో పాటు డెండ్రైటిక్ కణం కొన్ని రసాయన సంకేతాలు కూడా ఇస్తుంది. వాటిని బట్టే టి కణం ఏ రకంగా మారాలో తేలుతుంది. మిగతా కణాలకు ఏం చేయాలో చెప్పే టి కణాల్ని సహాయక టి కణాలంటారు. వాటిలో టిహెచ్-1, టిహెచ్-2 అని రెండు రకాలున్నాయని 1986లో మాస్మన్, కాఫ్మన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. తర్వాత ఇంకా రకాలు బయటపడ్డాయి, వాటి జోలికి ఇప్పుడు పోను.

ఈ తేడా ఎంత పని చేస్తుందో తెలియాలంటే లీష్మేనియా అనే పరాన్నజీవి కథ వినాలి. శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుడితే ఇది ఒంట్లోకి వస్తుంది. వచ్చి ఎక్కడ దాక్కుంటుందో తెలుసా? సూక్ష్మజీవుల్ని మింగి అరిగించుకునే మాక్రోఫేజ్ కణంలోనే! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాగన్నమాట. అప్పుడు టిహెచ్-1 కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్-గామా అనే రసాయనాన్ని వదులుతాయి. అది తగలగానే మాక్రోఫేజ్ మేల్కొని, లోపల నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి దొంగను చంపుతుంది.

లీష్మేనియా మేజర్ అనే రకాన్ని రెండు జాతుల ఎలుకలకు ఎక్కించి చూశారు. బ్లాక్-6 జాతికి చిన్న పుండు పడి మానిపోయింది. బాల్బ్-సి జాతికి పుండు ముదిరి, జబ్బు ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి వచ్చింది. బాల్బ్-సి ఎలుకలకు రోగనిరోధక శక్తి తక్కువా అంటే, కాదు. వాటి టి కణాలూ గట్టిగానే కదిలాయి, కాకపోతే టిహెచ్-2 దారిలో కదిలాయి. ఆ దారికి మళ్ళించే ఇంటర్‌ల్యూకిన్-4 అనే రసాయన సంకేతాన్ని మొదట్లోనే అడ్డుకుంటే అవే ఎలుకలు కోలుకున్నాయి. ఈ ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు విసుగు రాదు.

అలాగని టిహెచ్-2 చెడ్డదనుకోకండి. మీ ఏలికపాము దగ్గర అక్కరకొచ్చేది అదే. పేగు గోడలో టఫ్ట్ కణాలని అరుదుగా కనిపించే కణాలున్నాయి. పురుగు వచ్చిన కబురు ముందుగా పంపేది అవేనని 2016లో తెలిసింది. టిహెచ్-2 కణాలు వచ్చాక పురుగును చంపాలని పట్టుబట్టవు, అక్కడ ఉండనివ్వకుండా చేస్తాయి. అవి వదిలే ఇంటర్‌ల్యూకిన్-13 వల్ల పేగులో జిగురు ఎక్కువగా ఊరుతుంది, గోడ మీది కణాలు త్వరత్వరగా రాలి కొత్తవి వస్తాయి, పేగు కండరాలు గట్టిగా ముడుచుకుంటాయి. పట్టు చిక్కక పురుగు జారిపోవాలని ఈ ఏర్పాటంతా. ఇంటర్‌ల్యూకిన్-5 ఇసినోఫిల్ అనే రకం తెల్ల రక్తకణాల్ని పెంచుతుంది. రక్తపరీక్ష కాగితంలో ఇసినోఫిల్స్ అని ఒక వరుస ఉంటుంది, ఈసారి వెతకండి. ఆ అంకె బాగా పెరిగితే డాక్టరు అలర్జీ ఉందా, కడుపులో పురుగులున్నాయా అని ఆరా తీస్తారు.

మలేరియాలో ఇంకో రకం టి కణాలు దిగుతాయి, వాటిని సిడి-8 కణాలంటారు. దోమ కుట్టాక పరాన్నజీవి ముందు కాలేయానికి చేరి, అక్కడ సుమారు వారం పాటు పెరుగుతుంది. అది దూరిన కాలేయ కణాన్ని సిడి-8 కణాలు పట్టుకుని చంపగలవు. చిక్కేమిటంటే, కోట్లాది కాలేయ కణాల్లో పాడైనవి ఏ కొన్నో! ఆలోగా దొరకలేదా, పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లోకి దూకేస్తుంది. ముదిరిన ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు, లోపలి ముక్కల్ని పైకి చూపించే అణువులూ దాదాపు ఉండవు. సిడి-8 కణం దాని పక్కనుంచే పోయినా పోల్చుకోలేదు.

ఇంత చేసినా చాలాసార్లు యుద్ధం రాజీతోనే ఆగుతుంది. దీని వెనక నియంత్రక టి కణాలుంటాయి. పోరాటం మితిమీరి మన ఒంటినే కాల్చకుండా ఇవి పగ్గం వేస్తాయి. వీటి మీద చేసిన పనికే 2025లో బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచి నోబెల్ అందుకున్నారు. పుండు మానిన బ్లాక్-6 ఎలుకల్లో కూడా కాస్త లీష్మేనియా మిగిలే ఉంటుంది, దాన్ని ఉండనిచ్చేవి ఈ కణాలే. వాటిని తీసేస్తే ఏమైందో 2002లో చూశారు. పరాన్నజీవి పూర్తిగా పోయింది, కానీ రెండోసారి సోకితే తట్టుకునే శక్తి కూడా దాంతోపాటే పోయింది! అలాగే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి చాలామంది మెదడులో ఏళ్ళ తరబడి ఏ బాధా పెట్టకుండా పడి ఉంటుంది. ఎయిడ్స్‌లో టి కణాలు బాగా పడిపోయాక లేచి కూర్చుంటుంది.

పురుగులు ఈ పగ్గాన్ని తమకు అనుకూలంగా వాడుకోవడం నేర్చాయి. ఎలుక పేగులో ఉండే ఒక పురుగు, నియంత్రక కణాల్ని పెంచే మన సంకేతాన్ని అనుకరించే ప్రోటీన్‌ను తానే వదులుతుంది. ఇలా అయితే పేగు మంట జబ్బులకు పురుగే మందవుతుందని కొందరు ఆశపడి, రోగుల చేత పంది పురుగు గుడ్లు మింగించి చూశారు. అలాంటి పేగు మంట జబ్బుల్లో ఒకటైన క్రోన్స్ మీద చేసిన పెద్ద పరీక్షల్లో ఫలితం రాలేదు.

తట్టు టీకా వేయించుకుంటే చాలా ఏళ్ళు ధీమాగా ఉంటాం, నులిపురుగుల మాత్ర మాత్రం మళ్ళీ మళ్ళీ వేసుకోమంటారు. మాత్ర ఒంట్లో ఉన్న పురుగుల్నే చంపుతుంది, టి కణాలకు ఏమీ నేర్పదు. పురుగు తన కాలమంతా వాటిని జోకొడుతూనే బతికింది కాబట్టి, మళ్ళీ గుడ్లు కడుపులోకి పోతే కథ దాదాపు మొదటికే వస్తుంది. అల్బెండజోల్ అనే ఆ మాత్ర ఇస్తే నమిలి మింగండి, రుచి బాగానే ఉంటుంది.

మీ
పెద్దమ్మ