అపాచీ ఎర్రర్ పేజీలూ, ఇరవయ్యేళ్ళ ఎక్స్ఎస్ఎస్ గొడవా

ఎక్స్ఎస్ఎస్ (క్రాస్-సైట్ స్క్రిప్టింగ్, అంటే వేరేవాళ్ళ సైటు పేజీలో మన స్క్రిప్ట్ దూర్చి చూసేవాళ్ళ బ్రౌజర్‌లో నడిపించడం) అనగానే అందరూ పీహెచ్‌పీలో సైటు కోడ్ రాసిన డెవలపర్ మీద పడిపోతారు గానీ, ఒక్క లైన్ కోడ్ రాయకుండా ఊరికే ఇన్‌స్టాల్ చేసి వదిలేసిన అపాచీ లాంటి వెబ్ సర్వర్‌లో కూడా ఈ జబ్బు ఉండేది. లేని పేజీ అడిగితే సర్వర్ "ఫలానా అడ్రస్ ఇక్కడ లేదు" అని మనం పంపిన అడ్రస్‌నే తిరిగి పేజీలో చూపిస్తుంది కదా, ఆ అడ్రస్‌లో స్క్రిప్ట్ ట్యాగ్ ఇరికించి లింక్ పంపితే, సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేస్తే, బ్రౌజర్ అది ఆ సైటు కోడే అనుకుని రన్ చేసేస్తుంది, లాగిన్ వివరాలు దాచుకునే కుకీలు గోవిందా.

2000 ఫిబ్రవరి 2న కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోని సెర్ట్ సెంటర్ (కంప్యూటర్ భద్రతా లోపాల మీద హెచ్చరికలిచ్చే సంస్థ) దీని మీద అడ్వైజరీ ఇచ్చింది. అదే నెలాఖరుకి అపాచీ 1.3.12 వచ్చింది, అందులో యాడ్‌డిఫాల్ట్‌చార్‌సెట్ అనే కొత్త సెట్టింగ్ పెట్టారు. పేజీ ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఉందో సర్వర్ చేత చెప్పించేది అదే. ఎందుకంటే అది చెప్పకపోతే బ్రౌజర్ సొంతంగా ఊహించేది, యూటీఎఫ్-7 లాంటి దాంట్లో ట్యాగ్ మొదలుపెట్టే యాంగిల్ బ్రాకెట్ (<) వేరే వేషంలో వస్తుంది కాబట్టి ఎస్కేప్ చేసే (అలాంటి గుర్తులు ట్యాగ్‌గా పనిచేయకుండా మార్చే) కోడ్‌కి అది కనపడనే కనపడదు.

ఈ మందు మన తెలుగోళ్ళకి ఇంకో రోగం తెచ్చిపెట్టింది. అపాచీ 2.0 మొదటి రోజుల్లో డిఫాల్ట్ కాన్ఫిగ్‌లోనే ఐఎస్ఓ-8859-1 (పశ్చిమ యూరప్ భాషల ఎన్‌కోడింగ్) అని ఉండేది, సర్వర్ హెడర్‌లో (పేజీకి ముందు పంపే సమాచారంలో) ఒకటి చెప్పాక పేజీలో మెటా ట్యాగ్ యూటీఎఫ్-8 అని ఎంత మొత్తుకున్నా బ్రౌజర్ వినదు. దాంతో తెలుగు పేజీలో ఒక్కో అక్షరానికి మూడేసి పిచ్చి గుర్తులు, మొదటిది ఎప్పుడూ నెత్తిన గీతున్న చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో. ఫాంట్ లేదనుకుని ఫాంట్లు దింపుకున్నా లాభం ఉండదు, తప్పంతా ఆ ఒక్క లైన్‌దే.

అక్కడితో ఆగిందా అంటే లేదు. 2002లో బ్రౌజర్ పంపే హోస్ట్ హెడర్‌ని (సైటు పేరుని) ఎర్రర్ పేజీలో ఎస్కేప్ చేయకుండా చూపించడం వల్ల మళ్ళీ అదే (వైల్డ్‌కార్డ్ డీఎన్ఎస్, అంటే డొమైన్ ముందు ఏ పేరు పెట్టినా అదే సర్వర్‌కి వెళ్ళే అమరిక, ఉంటేనే లెండి), అపాచీ 1.3.27, 2.0.43 వెర్షన్లలో సరిచేశారు. 2006లో బ్రౌజర్ వైపు నుంచి వచ్చే ఎక్స్‌పెక్ట్ అనే ఇంకో హెడర్ వంతు, దాన్నీ ఎర్రర్ పేజీలో అలాగే చూపించేది. ఇది నాకు భలే నచ్చిన కేసు, ఎదుటివాడి బ్రౌజర్ చేత మనకి నచ్చిన హెడర్ పంపించడం మామూలుగా కుదరదు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది, తీరా చూస్తే బ్రౌజర్‌లో యానిమేషన్లు నడిపిన ఆ పాత ఫ్లాష్ ప్లగిన్ వెర్షన్లు కొన్ని ఆ పని హాయిగా చేసిపెట్టేవి. 2007లో డైరెక్టరీ లిస్టింగ్ చూపించే మాడ్యూల్‌లో మళ్ళీ యూటీఎఫ్-7.

చివరికి 2019లో, 2.4.41 వెర్షన్‌లో విసుగొచ్చినట్టు ఆ అడ్రస్ చూపించడమే తీసేశారు, ఇప్పుడు "అడిగిన యూఆర్ఎల్ ఈ సర్వర్‌లో లేదు" అంటుందంతే, ఏ యూఆర్ఎలో చెప్పదు. ఇదేదో 2000లోనే చేసుంటే పోయేది. కాకపోతే ఎర్రర్‌డాక్యుమెంట్‌తో సొంత 404 పేజీ పెట్టుకుని అందులో రిక్వెస్ట్ యూఆర్ఐని (అడిగిన అడ్రస్‌ని) నేరుగా ఎకో చేసేవాళ్ళకి ఈ అప్‌డేట్ వల్ల ఒరిగేదేం లేదు, ఎస్కేప్ చేసే పీహెచ్‌పీ హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్ వాళ్ళే వేసుకోవాలి.