పాత బజారు దుకాణాలకు గ్రాంట్లు: కప్పడానికీ, విప్పడానికీ ప్రభుత్వ సాయమే

అమెరికాలో చాలా పట్టణాలు తమ చారిత్రక వ్యాపార వీధుల్లో దుకాణం ముందు భాగాన్ని బాగు చేసుకునేవారికి గ్రాంట్లు ఇస్తున్నాయి. ఖర్చులో కొంత, చాలాచోట్ల సగం, పట్టణం భరిస్తుంది. డిజైన్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. పని పూర్తయి, బిల్లులు చూపించాకే డబ్బు చేతికొస్తుంది. సొంత గోడ మీద ఇన్ని ఆంక్షలేమిటని వ్యాపారులు అడగడం సహజమే. దానికి జవాబు 1930ల నుంచి మొదలవుతుంది.

మహామాంద్యంలో నిర్మాణ పనులు ఆగిపోయాయి. 1934 నాటి జాతీయ గృహనిర్మాణ చట్టంతో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, భవనాల ఆధునికీకరణకు బ్యాంకులిచ్చే అప్పులకు బీమా కల్పించింది. దుకాణాలకూ అది వర్తించింది. మరుసటి ఏడాదే లిబ్బీ-ఓవెన్స్-ఫోర్డ్ అనే గాజు కంపెనీ ‘మోడర్నైజ్ మెయిన్ స్ట్రీట్’ (ప్రధాన బజారు వీధిని ఆధునికీకరించండి) పేరుతో డిజైన్ పోటీ పెట్టింది. 19వ శతాబ్దపు ఇటుక పని, పోత ఇనుప స్తంభాలు ఎన్నో చోట్ల విట్రోలైట్ లాంటి రంగు గాజు పలకల చాటుకు పోయాయి.

యుద్ధం తర్వాత అల్యూమినియం తొడుగులు వచ్చాయి. 1956లో అంతర్రాష్ట్ర రహదారులకు పెద్ద ఎత్తున నిధులిచ్చే చట్టం వచ్చింది. అదే ఏడాది మిన్నెసోటాలో సౌత్‌డేల్ మాల్ తెరుచుకుంది. బేరాలు ఊరి బయటికి తరలిపోతుంటే, తమ షాపులూ కొత్తగా కనిపించాలని వ్యాపారులు పాత గోడలకు రేకులు కొట్టించారు. మాల్ దగ్గరి పార్కింగ్ స్థలం, హైవే సౌకర్యం ఆకర్షించిన కొనుగోలుదారుల్ని రేకులు వెనక్కి తేలేకపోయాయి.

1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంతో, పాతవాటిని కప్పేయడం కాదు, కాపాడుకోవాలని ఆలోచన మారింది. 1974లో స్థానిక అభివృద్ధికి ఫెడరల్ ప్రభుత్వమిచ్చే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్లు మొదలయ్యాయి. తర్వాత అనేక పట్టణాల్లో దుకాణాల గ్రాంట్లకు ఆ నిధులే ఆధారమయ్యాయి. 1977లో చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే నేషనల్ ట్రస్ట్ సంస్థ తరఫున మేరీ మీన్స్ నాయకత్వంలో ఇల్లినాయిలోని గేల్స్‌బర్గ్, ఇండియానాలోని మాడిసన్, సౌత్ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్ పట్టణాల్లో పాత బజారు వీధులకు జీవం పోసే మెయిన్ స్ట్రీట్ ప్రయోగం మొదలైంది. ముందు భాగం ఒక్కటీ బాగుపడితే చాలదని, వ్యాపారం, ప్రచారం, స్థానికుల సంఘటిత కృషి కలిసి నడవాలని ఆ ప్రయోగం నమ్మింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన పాఠం ఇదే. గ్రాంటు ఇచ్చి చేతులు దులుపుకునే పట్టణాలు మర్చిపోయేదీ ఇదే.

చారిత్రక భవనాల పునరుద్ధరణకు 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ వేరుగా ఉంది. అయితే అది భారీగా ఖర్చు పెట్టేవారికే అందుతుంది. కార్నిస్ (గోడ పైఅంచున ముందుకు పొడుచుకొచ్చే అలంకార భాగం) మరమ్మతు చేయించి, బోర్డు మార్చుకునే చిన్న షాపుకు స్థానిక గ్రాంటే దిక్కు.

డిజైన్ పరిశీలన అవసరమే. శాండ్‌బ్లాస్టింగ్ (ఇసుకను బలంగా చిమ్మి శుభ్రం చేయడం) చేస్తే పాత ఇటుక పైపొర ఊడిపోతుంది, అది మళ్లీ రాదు. పైగా ఒకప్పుడు ‘కప్పేసిన’ విట్రోలైట్ కూడా ఇప్పుడు చారిత్రకమే. కాలక్రమంలో ప్రాధాన్యం సంపాదించుకున్న మార్పుల్ని నిలుపుకోవాలని ఫెడరల్ ప్రమాణాలే చెబుతున్నాయి. ఏది విప్పాలో, ఏది ఉంచాలో తెలిసినవాళ్లు చూసి చెప్పాలి.

ముందు ఖర్చు పెట్టాలన్న షరతు మాత్రం వేరే సంగతి. ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి, నిజమే. కానీ చేతిలో నగదు లేని అద్దె షాపువాళ్లు దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. పని జరిగినంత మేరకు విడతలుగా చెల్లించినా, కాంట్రాక్టరుకే నేరుగా ఇచ్చినా ఆ లెక్క చెడదు.