గర్భంలోని మాయ (ప్లాసెంటా) ఏ మందును ఆపుతుంది, దేన్ని వదిలేస్తుంది? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో గర్భిణుల మందుల చీటీలు చూసే క్లినికల్ ఫార్మసిస్టుని. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరు ఒళ్లు కాలిపోతున్నా పారాసెటమాల్ ముట్టరు. ఇంకొందరు మెడికల్ షాపులో ఏదిస్తే అది మింగేస్తారు. అడిగితే పక్కనున్న అత్తగారు చెబుతారు: "మాయ అడ్డం ఉంటదిలేమ్మా, బిడ్డకేం కాదు." ఈ రెండూ ప్రమాదమే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: మాయ గోడలాంటిది. తల్లి వేసుకున్న మందు బిడ్డకు చేరదు.

ఒకప్పుడు చాలామంది డాక్టర్లు కూడా ఇలాగే నమ్మారు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అమ్మకానికి వచ్చింది. వేవిళ్లకు కూడా వాడారు. 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోపు వేలాదిమంది పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. చిన్న అణువులు, కొవ్వులో కరిగేవి మాయను సులువుగా దాటుతాయి. పారాసెటమాల్ కూడా దాటుతుంది, కానీ డాక్టర్ చెప్పిన మోతాదులో జ్వరానికి మనం ముందుగా ఎంచుకునేది అదే. నడుం నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ సంగతి వేరు. 20 వారాల తర్వాత అది ఉమ్మనీరు తగ్గించగలదు. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పెద్ద అణువులు కాబట్టి దాదాపు దాటవు.

అపోహ: అంటే మాయ ఒక జల్లెడ. చిన్నవి దాటుతాయి, పెద్దవి ఆగుతాయి, అంతే.

అంతే అయితే నా పని చాలా తేలికయ్యేది. మాయలో తల్లి రక్తం తగిలే పైపొర మీద కొన్ని ప్రొటీన్లు పంపుల్లా పనిచేస్తుంటాయి. లోపలికి జొరబడిన మందును పట్టుకుని, శక్తి ఖర్చుపెట్టి మరీ తిరిగి తల్లి రక్తంలోకి తోసేస్తాయి. వీటిలో పేరున్నది పి-గ్లైకోప్రొటీన్. దీన్ని 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు మందులకు లొంగని హ్యామ్‌స్టర్ కణాల్లో గుర్తించారు. రెండోది బీసీఆర్‌పీ (బ్రెస్ట్ క్యాన్సర్ రెసిస్టెన్స్ ప్రొటీన్), 1998లో బయటపడింది. రొమ్ము క్యాన్సర్ కణాల వల్ల ఆ పేరొచ్చింది గానీ మాయలో అది పుష్కలంగా ఉంటుంది.

ఈ పంపు లేకపోతే ఏమవుతుందో 1998లోనే ఎలుకల్లో తేలింది. పరాన్నజీవులను చంపే అవర్‌మెక్టిన్ జాతి మందు ఇచ్చినప్పుడు, పి-గ్లైకోప్రొటీన్ బొత్తిగా లేని పిల్లలన్నీ అంగిలి చీలికతో పుట్టాయి. అదే తల్లి కడుపులో, అదే మోతాదులో, పంపు పూర్తిగా ఉన్న పిల్లలకు ఏమీ కాలేదు. తల్లి ఒకటే, మందు ఒకటే. తేడా అంతా ఆ పిల్ల తాలూకు మాయలోనే ఉంది. ఈ ప్రయోగం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

అలాగని పంపును పూర్తిగా నమ్ముకోలేం. కార్తీక మాసం వానకు మునిగిన మడిలో ఇంజిన్ పెట్టి నీళ్లు తోడుతున్నా, వాన ఎక్కువైతే మడి నిండుతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. షుగర్ మాత్ర గ్లిబెన్‌క్లమైడ్ చూడండి. దాన్ని బీసీఆర్‌పీ వెనక్కి తోస్తుంది. 2000లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో బొడ్డుతాడు రక్తంలో అది దొరకనే లేదు. తర్వాత మరింత సున్నితమైన పరీక్షలు చేస్తే కనిపించింది. అందుకే గర్భంలో షుగర్‌కు ఇన్సులిన్‌దే ముందు వరస.

అపోహ: ఈ రక్షణ తొమ్మిది నెలలూ ఒకేలా ఉంటుంది.

ఉండదు. పి-గ్లైకోప్రొటీన్ మొదటి నెలల్లో ఎక్కువ, కాన్పు దగ్గరపడేకొద్దీ తగ్గుతుంది. బీపీకి వాడే వెరాపమిల్, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ లాంటి మందులు ఆ పంపుకే అడ్డుపడతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లంతో సహా వాడే మందులన్నీ చూపించమని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: స్టెరాయిడ్లన్నీ ఒకటే, అన్నీ బిడ్డకు చేటే.

ప్రెడ్నిసొలోన్‌లో చాలా భాగాన్ని మాయలోని ఒక ఎంజైమ్ పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. అందుకే ఉబ్బసం ముదిరిన తల్లికి డాక్టర్ దాన్ని రాస్తారు. డెక్సామెథసోన్ ఆ ఎంజైమ్‌కు అంతగా చిక్కకుండా బిడ్డకు చేరుతుంది. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఆ ఇంజెక్షన్ ఇచ్చేది అది దాటుతుందనే.

అపోహ: ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది.

చర్మం రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది. ఐరన్‌ను మాయ తనంతట తానే తల్లి రక్తం నుంచి లాగి బిడ్డకు అందిస్తుంది. మాత్రలు పారేస్తే ఎండిపోయేది తల్లే.

అపోహ: గర్భం అని తెలియగానే ఫిట్స్ మాత్రలు ఆపేయాలి.

దయచేసి అలా చేయకండి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెట్టి తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి రావచ్చు. అయితే వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు విషయంలో నేను గట్టిగానే చెబుతాను: ఈ పంపులు దాన్ని బిడ్డ నుంచి దూరంగా ఉంచలేవు. వెన్నెముక లోపాలకు, తర్వాత చదువులో వెనకబాటుకు అది కారణం కాగలదు. కాబట్టి ఆ మాత్ర వాడుతున్న అమ్మాయికి పెళ్లి మాటలు మొదలైనప్పుడే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మందు మార్చడానికి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడానికి అప్పుడైతే సమయం ఉంటుంది.