సంస్థానం పద్యం, పత్రిక వచనం

ఉద్యోగ పరీక్షలకు తెలుగు వ్యాసం రాసే పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఇప్పటికీ ఒక టెన్షన్ ఉంటుంది: మామూలు మాటల్లో రాస్తే తేలిపోతామేమోనని. ఆ భయం పాతదే.

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాల్లో కవికి మర్యాద పాండిత్యాన్ని బట్టి దక్కేది. జటప్రోలు సురభి ప్రభువుల ఆదరణ పొందిన ఎలకూచి బాలసరస్వతి 'రాఘవయాదవపాండవీయం'లో అవే పద్యాలతో రాముడి కథ, కృష్ణుడి కథ, పాండవుల కథ నడిపాడు. వ్యాఖ్యానం లేనిదే మనకు కొరుకుడు పడదు. వెక్కిరించాల్సిన పనేమీ లేదు; చిక్కుముడి విప్పుకోవడమే ఆ సభకు సరదా. అదే కొలబద్దతో వచనాన్నీ కొలవడం దగ్గరే తిప్పలు మొదలయ్యాయి. మద్రాసులో 1853లో అచ్చయిన చిన్నయసూరి 'నీతిచంద్రిక' బడుల్లోకి వెళ్లి, మంచి వచనమంటే ఇదేనన్న పేరు తెచ్చుకుంది. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద పోరాడింది ఆ మద్రాసు రాజ్యంలోనే.

నిజాం రాజ్యంలో గొడవ వేరు. కచేరీల్లో ఉర్దూ, పై చదువుల్లో ఉర్దూ. ఏ తెలుగు రాయాలన్నది తర్వాత, ముందు చదివేవాళ్లు కావాలి కదా! 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. 1926లో ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో 'గోలకొండ' పత్రిక మొదలుపెట్టారు. పాఠకులను తయారుచేసుకుంటూ నడవాల్సిన పత్రికలో దీర్ఘ సమాసాలతో పని జరగదు. అలాగని గ్రాంథికం వాసన పూర్తిగా పోలేదు. సురవరమే, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా, 1934లో 354 మంది పద్యాలతో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. పద్యం మీద ఆయనకు కోపం లేదు మరి. 1949 నాటి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మాత్రం రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాల గురించి రాశారు. అలాంటి విషయానికి అలంకారాలు అతకవు. నా లెక్కలో ఇక్కడి వచనాన్ని తేలిక చేసింది వ్యాకరణ వాదాల కంటే ఈ అవసరమే.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కథ మరో మలుపు తిరిగింది. పాఠ్యపుస్తకాల్లోకి, పత్రికల్లోకి తేలిక వచనం వచ్చింది గానీ, దాని నడక ఎక్కువగా కోస్తా జిల్లాలది. పోయిండు, చేసిండు అంటూ పెరిగిన పిల్లవాడికి అదీ నేర్చుకోవాల్సిన భాషే అయింది. గ్రాంథికం రాదన్న బెరుకు తగ్గేలోపే, తన మాట రాస్తే తప్పు పెడతారన్న బెరుకు వచ్చి చేరింది.