కత్తి మీద పేరును చెరిపేది తుప్పు కాదు, మన చేయి

విజయవాడ వన్ టౌన్‌లో గిన్నెల మీద పేర్లు చెక్కడం మా పని. నాన్నగారు ఉలి, సుత్తి పట్టుకుని చుక్కచుక్కగా కొట్టేవారు. నేను కరెంటు పెన్నుతో రాస్తాను. ఈమధ్య పాత చాకులు, బాకులు సేకరించేవాళ్లు కూడా వస్తున్నారు. వాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: పేరు బాగా కనబడాలంటే తుప్పంతా రుద్దేయాలి.

గుంటూరు నుంచి ఒకాయన తాతగారి మడత చాకు తెచ్చారు. "పేరు మసకబారిందండీ, కాస్త పైకి తేవాలి" అన్నారు. చూస్తే అలుగు అద్దంలా మెరుస్తోంది. ఇంట్లో ఉప్పు కాగితంతో రుద్ది, ఆపైన బఫింగ్ కూడా చేయించారట. మొదటి అక్షరం వంపు, చివరి సున్నా తప్ప ఏమీ ఆనడం లేదు. ఇలాంటి చెక్కుడు గోటికి తగిలీ తగలనంత లోతే ఉంటుంది. గాడి అంచులు అరిగితే అందులో నీడ నిలవదు. నీడ లేకపోతే అక్షరం లేదు.

దీపం పక్కనుంచి వాలుగా పెట్టి ఫోటోలు తీశాను. పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌ను పడుకోబెట్టి మెల్లగా రుద్దాను. కంటికి అందని అక్షరాలు మరో రెండు కాగితం మీద తేలాయి. వాటి మీదే మళ్లీ చెక్కమన్నారు. నేను ఒప్పుకోలేదు. పేరు వాళ్ల తాతగారిదే అయినా, చేతిరాత నాదైపోతుంది.

వాస్తవం: పొడిపొడిగా రాలే ఎర్ర తుప్పుతోనే పేచీ. దానికి నూనె పట్టించి, ఒక రోజు నాననిచ్చి, వెదురు పుల్లతో గాడి వెంట తీస్తే చాలు. అంటిపెట్టుకున్న నల్లటి పొర జోలికి పోవద్దు. జపాన్ కత్తుల్లో చేసినవాడి పేరు పిడిలో దాగే భాగం మీద ఉంటుంది. అక్కడి తుప్పును తెలిసినవాళ్లెవరూ తుడవరు, కత్తి వయసు తేల్చడానికి అదీ ఒక సాక్ష్యం కాబట్టి.

అపోహ: చింతపండుతో తోమితే ఇత్తడిలాగే ఉక్కూ మెరుస్తుంది.

వాస్తవం: ఇత్తడి బిందెకు సరే. ఉక్కును మాత్రం ఆ పులుపు తినేస్తుంది, గాడిలో ఇరుక్కున్న పిప్పి మరీనూ. వంటనూనె కూడా వద్దు, కొన్నాళ్లకు జిగురై దుమ్ము పడుతుంది. కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క గుడ్డకు అద్ది తుడవండి.

అపోహ: తోలు ఒరలో ఉంచితే భద్రం.

వాస్తవం: తోలు తేమ పీల్చి పట్టుకుంటుంది. కృష్ణ ఒడ్డున వానాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! ఒరను, కత్తిని విడివిడిగా దాచండి.

అపోహ: లేజర్‌తో రాయిస్తే లోహానికి ఏమీ కాదు.

వాస్తవం: కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. తుప్పును ఆపేది ఆ క్రోమియం వల్ల పైన ఏర్పడే పల్చటి పొర. లేజర్ వేడికి నల్లబడిన చోట అది దెబ్బతిని, అక్షరాల దగ్గరే తుప్పు మొదలు కావచ్చు. నిన్న కొన్న వంటింటి కత్తి అయితే రాయించుకోండి. పాత వస్తువు మీద మాత్రం కొత్త పేరు వేయించవద్దు, సేకరించేవాళ్లు చాలామంది దాన్ని మచ్చగానే చూస్తారు. ఇలా చెప్పి నా బేరాలు నేనే పోగొట్టుకుంటున్నానని మా ఆవిడ సణుగుతుంది.

పేరు ఉండాల్సిందే అంటే పెట్టె మీద ఇత్తడి రేకు పెట్టించుకోండి, లేదా ఒరకు ఇత్తడి బిళ్ల కట్టండి. గట్టి ఉక్కు మీద నా పెన్ను జారిపోతుంది. ఇత్తడి మెత్తన, నాన్నగారి ఉలి ఇప్పటికీ హాయిగా దిగుతుంది. గుంటూరాయనకు అలాగే చేశాను. పెన్సిల్ కాగితం పక్కన పెట్టుకుని, తాతగారి పేరు రేకు మీద కొట్టి, టేకు పెట్టె మూతకు బిగించాను. కింద తన పేరు కూడా వేయనా అని అడిగితే కాసేపు ఆలోచించి, మూత లోపలివైపు వేయమన్నారు.