గది సర్దుకోవడం, దినచర్య, ఏకాగ్రత: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లోని అశోక్ నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉంటూ పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న అభ్యర్థులు కౌన్సెలింగ్‌కు వచ్చినప్పుడు ఎక్కువగా చెప్పేది, పుస్తకం ముందు గంటల తరబడి కూర్చుంటున్నా మనసు నిలవడం లేదనే. చాలామంది అది తమ సోమరితనమేనని ముందే తీర్మానించుకుని వస్తారు. వారు ఎక్కడ కూర్చుని చదువుతున్నారో, రోజు ఎలా గడుస్తోందో తెలుసుకోకుండా ఆ మాటకు తలూపడం అన్యాయమని నా అభిప్రాయం.

అపోహ: పట్టుదల ఉంటే చుట్టూ ఎంత చిందరవందరగా ఉన్నా చదువు సాగుతుంది.

వాస్తవం: ఒకేసారి కంటబడే వస్తువులు మెదడులోని దృశ్య కేంద్రంలో ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫనీ మెక్‌మెయిన్స్, సబీన్ కాస్ట్నర్ 2011లో ప్రచురించిన మెదడు స్కానింగ్ అధ్యయనం ఈ పోటీనే పరిశీలించింది. ప్రయోగశాలలో సాధారణ చిత్రాలతో జరిగిన ఆ పరిశీలనను హాస్టల్ గదికి యథాతథంగా అన్వయించలేము గాని, దృష్టిని ఒకచోట నిలపాలంటే మిగిలినవాటిని పక్కకు నెట్టే పని మెదడు చేస్తూనే ఉండాలన్నది మాత్రం దానివల్ల అర్థమవుతుంది.

ముగ్గురు ఉండే గదిలో మంచమే చదువు బల్ల అయినప్పుడు గదినంతా అద్దంలా ఉంచమని చెప్పడం ఆచరణ సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. కూర్చున్నప్పుడు కళ్లెదుట ఏముందన్నదే ముఖ్యం. గోడవైపు తిరిగి కూర్చుని, అప్పుడు చదువుతున్న సబ్జెక్టు పుస్తకాన్ని, ఒక నోట్‌బుక్‌ను మాత్రమే ముందుంచుకుని, ఉతకాల్సిన బట్టలను, పాత కరెంట్ అఫైర్స్ పత్రికలను వీపు వెనక్కి చేర్చితే చాలు.

అపోహ: ఫోన్‌ను సైలెంట్‌లో పెడితే సరిపోతుంది.

వాస్తవం: టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ వార్డ్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మోగకుండా చేసిన ఫోన్‌ను బల్లపై ఉంచుకున్నవారికంటే వేరే గదిలో వదిలి వచ్చినవారు ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా రాణించారు. తర్వాతి అధ్యయనాలన్నీ ఇంత బలమైన ప్రభావాన్ని చూపలేదు. అయినా ఫోన్‌ను దూరంగా పెట్టడానికి ఖర్చేమీ లేదు కనుక ఈ సలహా ఇవ్వడానికి నేను వెనుకాడను.

అపోహ: 21 రోజులు తప్పకుండా చేస్తే ఏ పనైనా అలవాటవుతుంది, ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికే.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవారికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. అమెరికాకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్, శస్త్రచికిత్స తర్వాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశారు. కాలక్రమంలో అందులోని ‘కనీసం’ జారిపోయి, అంకె ఒక్కటే సూత్రంగా మిగిలింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించి 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుంది. వ్యక్తిని బట్టి, పనిని బట్టి ఆ అంచనా 18 నుంచి 254 రోజుల వరకు మారింది. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని కూడా వారు గమనించారు. అందుకే ఊరికి వెళ్లి వచ్చిన మర్నాడు టైమ్‌టేబుల్‌ను చించేసి కొత్తది గీయవద్దని, పాతదాన్నే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగించమని చెబుతాను. ‘టిఫిన్ కాగానే పాలిటీ (రాజ్యాంగం, పరిపాలన సబ్జెక్టు)’ అన్నట్లు, రోజూ ఎలాగూ జరిగే పనికి చదువును జతచేస్తే గుర్తుంచుకునే భారం తగ్గుతుంది.

అపోహ: అంతా సర్దాకే చదువు మొదలుపెట్టాలి.

వాస్తవం: అది చాలాసార్లు వాయిదాకు మరో రూపం. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు సర్ది, మర్నాడు తెరవాల్సిన పేజీని గుర్తుపెట్టి ఉంచితే పొద్దున్నే సర్దే పని ఉండదు.

అపోహ: గది సర్దుకుంటే మానసిక సమస్యలు తగ్గిపోతాయి.

వాస్తవం: చిందరవందర కొన్నిసార్లు కుంగుబాటుకు కారణం కాక, దాని ఫలితం అవుతుంది. రెండు వారాలకు పైగా దిగులు వీడక, నిద్ర, ఆకలి దెబ్బతిని, స్నానానికి లేవడమే భారమవుతున్న వ్యక్తికి గది సర్దుకోమని చెప్పడం చికిత్సను ఆలస్యం చేయడమే. అలాగే వస్తువులు సరిగ్గా వరుసలో లేవన్న ఆందోళనతో గంటల కొద్దీ సర్దుతూ ఆపలేకపోవడం కూడా నిపుణులు చూడవలసిన లక్షణమే. ఈ రెండు పరిస్థితుల్లోనూ సైకియాట్రిస్టును గాని క్లినికల్ సైకాలజిస్టును గాని కలవాలి. వెంటనే మాట్లాడాలనుకునేవారు కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ ఉచిత సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.